నెత్తురు దాచిన గడ్డ

ఉదయం ఇచ్చిన అరటిపండు ముక్క మధ్యాహ్నానికి కూడా గిన్నెలోనే ఉంది. కోతి బోనులో ఓ మూల ఒదిగి కూర్చుంది. మనిషి దగ్గరికి రాగానే మాత్రం లేచింది, పళ్ళు ఇకిలించింది, ఎప్పటిలాగే బెదిరించింది. అతను అటు తిరగగానే మళ్ళీ కూలబడింది. మేత చూసుకునే ఆ ఉద్యోగి రోజువారీ పుస్తకంలో ఒక్క మాట రాసుకున్నాడు: ‘సగమే తింది.’

పరిశోధనశాలలో పెరిగే కోతికి రక్తనాళాల క్యాన్సర్ వస్తే, దాన్ని పట్టుకునే పని సాధారణంగా ఇలాంటి చప్పటి మాటతోనే మొదలవుతుంది. కోతి తన జబ్బును దాచుకుంటుంది. గుంపులో నీరసం బయటపెడితే పై మెట్టు పోతుంది, దెబ్బలు పడతాయి. అందుకే అది కూలబడే వేళకు జబ్బు చాలా దూరం వచ్చేసి ఉంటుంది.

ఈ వ్యాసంలో మనతో నడిచే కోతి ఏ ఒక్క కేసులోదీ కాదు. ఇలాంటి కేసులు ఏ దారిన నడుస్తాయో చెప్పడానికి అల్లుకున్న ఉదాహరణ. 18 ఏళ్ల ఆడ రీసస్ కోతి, బరువు 7 కిలోలు అనుకుందాం. రీసస్ అంటే ఉత్తర భారతంలో గుళ్ల దగ్గర, రైల్వే స్టేషన్లలో తిరిగే ఎర్రమూతి కోతి. దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే, నెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టుండే కోతికి దగ్గరి చుట్టం. కోతికి ఒక ఏడాది గడిస్తే మనకు మూడు నాలుగేళ్లు గడిచినట్టు. ఆ లెక్కన మన కోతి అరవై దాటిన పెద్దమ్మ.

గోడే దొంగైతే

గుండె గదుల నుంచి కంటికి కనిపించని కేశనాళికల దాకా ప్రతి రక్తనాళానికీ లోపల పలచని పూత ఒకటి ఉంటుంది. మందం ఒకే ఒక్క కణం. నేల మీద బండలు పరిచినట్టు చపటా కణాలు అంచుకు అంచు ఆని ఉంటాయి. దీన్ని ఎండోథీలియం అంటారు. 1865లో స్విట్జర్లాండ్‌కు చెందిన శరీరశాస్త్రవేత్త విల్‌హెల్మ్ హిస్ పెట్టిన పేరు అది. నెత్తురు గోడకు అంటుకోకుండా జారిపోయేలా చూడటం, గాయమైన చోట గడ్డకట్టించడం, నాళం లోపలికి ఏది రావాలి, బయటికి ఏది పోవాలి అని కాపలా కాయడం దీని పనులు.

ఈ పూతలోని కణాలే అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సర్‌ను మనుషుల్లో ఆంజియోసార్కోమా అంటారు, జంతువుల్లో ఎక్కువగా హిమాంజియోసార్కోమా అంటారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత దీనికి సరిగ్గా అతుకుతుంది. మిగతా క్యాన్సర్లు నెత్తురు దారిన ఒంట్లో మరో చోటికి పాకాలంటే ముందు ఏదో ఒక రక్తనాళం గోడ తొలుచుకుని లోపలికి దూరాలి. ఈ క్యాన్సర్‌కు ఆ శ్రమ లేదు. అది పుట్టిందే గోడలో. ఒక కణం ఊడితే చాలు, ప్రవాహంలో పడి కాలేయానికో ఊపిరితిత్తులకో చేరుతుంది.

ఇంకో సంగతి. క్యాన్సర్‌గా మారినా ఈ కణాలకు పాత అలవాటు పోదు. నాళాలు కట్టాలనే చూస్తాయి. కట్టేవి మాత్రం వంకర సందులు, దారీ తెన్నూ లేని గుంటలు. నెత్తురు వాటిలోకి వెళ్లి నిలిచిపోతుంది, గడ్డకడుతుంది. గోడలో బలం ఉండదు కాబట్టి ఒకరోజు పగులుతుంది. ఈ గడ్డలో క్యాన్సర్ కణాల కంటే నిలవ నెత్తురే ఎక్కువ ఉండటం మామూలు. పరీక్షలన్నిటికీ అడ్డం పడేది ఆ నెత్తురే.

కుక్కల వైద్యులకు ఈ జబ్బు బాగా తెలుసు. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్ వంటి జాతుల్లో ప్లీహంలోనో, గుండె కుడి కర్ణికలోనో తరచూ కనిపిస్తుంది. మనుషుల్లో చాలా అరుదు. కండరం, కొవ్వు వంటి మెత్తటి కణజాలాల్లో పుట్టే సార్కోమాలే తక్కువ, వాటిలోనూ నూటికి ఒకటో రెండో మాత్రమే ఇవి. కోతుల్లోనూ అంతే, అక్కడొకటి ఇక్కడొకటిగా వచ్చిన కేసులే వైద్య పత్రికల్లో కనిపిస్తాయి.

ముందు అనుమానించాల్సింది వీటిని

ముసలి రీసస్ తిండి మానేసి, బరువు తగ్గి, చిగుళ్లు పాలిపోయి కనిపిస్తే పశువైద్యురాలి మనసులో మొదట మెదిలేవి మామూలు జబ్బులే. వయసు మీరిన రీసస్‌లలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ పేగుది. పేగులోంచి కొద్దికొద్దిగా నెత్తురు పోతే రక్తహీనత వస్తుంది. దీర్ఘకాలపు విరేచనాలు కూడా బోనుల్లో పెరిగే కోతులకు పాత బెడదే. అమిలాయిడ్ అనే ప్రోటీను కాలేయంలో, ప్లీహంలో, పేగుల్లో పేరుకుపోయే జబ్బూ ఉంది.

క్షయ కూడా అనుమానితుల జాబితాలో ఉంటుంది. కోతుల గదిలోకి అది ఒక్కసారి వచ్చిందంటే గదంతా చుట్టేస్తుంది. అందుకే పరిశోధనశాలల్లో కోతులకు నియమంగా క్షయ పరీక్ష చేస్తారు. మనకు ముంజేతి మీద వేసే సూదిని వాటికి కనురెప్ప మీద వేస్తారు. రెప్ప వాచిందో లేదో చూడాలంటే కోతిని పట్టుకోనక్కర్లేదు, బోను బయట నిలబడితే చాలు.

మన కోతి ఆడది కాబట్టి అందరికంటే గట్టి అనుమానితురాలు ఇంకొకటి ఉంది: ఎండోమెట్రియోసిస్. రీసస్ ఆడకోతులకు మన ఆడవాళ్ల లాగే నెలనెలా బహిష్టు అవుతుంది. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం పొట్టలో మరోచోట అతుక్కుని, అదీ నెలనెలా రక్తం స్రవిస్తూ ముదురు రంగు తిత్తులుగా మారడం వయసు మళ్లిన ఆడకోతుల్లో చాలా మామూలు. పొట్టలో గడ్డ, దాని నిండా నెత్తురు, పైగా రక్తహీనత. అచ్చం మనం వెతికే క్యాన్సర్ లక్షణాలే. కాబట్టి అరుదైన పేరు వరుసలో చివర నిలబడాలి. ముందున్నవాటిని ఒక్కొక్కటిగా పక్కకు జరిపాకే దాని వంతు.

ఒక సంచికి కాస్త ఎక్కువ నెత్తురు

కోతి ఒంట్లో కిలోకు సుమారు 60 మిల్లీలీటర్ల నెత్తురు ఉంటుంది. 7 కిలోల కోతికి 420 మిల్లీలీటర్లు. రక్తదానంలో మన దగ్గర మామూలుగా తీసే సంచి 350. అంటే ఈ కోతి ఒంట్లో ఉన్న మొత్తం నెత్తురు ఒక సంచికి కాస్త ఎక్కువ. పొట్టలో గడ్డ చిట్లి ఓ చిన్న టీ గ్లాసుడు నెత్తురు కారినా దాదాపు నాలుగో వంతు పోయినట్టే. పరీక్షకు తీసే నెత్తురు కూడా అందుకే కొలిచి తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న జంతువుకే ఒక విడత మొత్తంలో పదో వంతుకు మించి తీయకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. పాలిపోయిన జంతువుకు ఇంకా తగ్గిస్తారు.

ఆ కాసిన్ని చుక్కలూ చాలా చెబుతాయి. మొదటిది, ఎర్రకణాలు ఎంత తగ్గాయన్నది. ఆరోగ్యంగా ఉన్న రీసస్ నెత్తురులో ఎర్రకణాల వాటా సుమారు 40 శాతం. అది 20ల్లోకి పడిపోతే ప్రమాదం. రెండోది, ఎముక మూలుగ ఊరుకుందా, కొత్త కణాలు పంపుతోందా అన్నది. లేత ఎర్రకణాలు ఎక్కువగా కనిపిస్తే ఎక్కడో నెత్తురు పోతోందని, మూలుగ దాన్ని పూడ్చడానికి తంటాలు పడుతోందని అర్థం. మూడోది, ప్లేట్‌లెట్లు తగ్గాయా అన్నది. గడ్డలోని గుంటల్లో నెత్తురు అదేపనిగా గడ్డకడుతుంటే ప్లేట్‌లెట్లు అక్కడే ఖర్చయిపోతాయి.

అసలు ఆనవాలు గాజు పలక మీద పూసిన చుక్కలో దొరకవచ్చు. మామూలు ఎర్రకణం గుండ్రంగా, నడుమ నొక్కిన గారెలా ఉంటుంది. ఈ జబ్బులో కొన్ని కణాలు కొరికి పారేసిన ముక్కల్లా, కొమ్ములున్న టోపీల్లా కనిపిస్తాయి. వీటిని షిస్టోసైట్లు అంటారు. గడ్డలోని ఇరుకు సందుల్లో నెత్తురు గడ్డకట్టినప్పుడు అడ్డదిడ్డంగా అల్లుకున్న ఫైబ్రిన్ అనే ప్రోటీను దారాలకు తగులుకుని తెగిన కణాలు అవి. ఇవి కనిపించాయంటే ఎక్కడో నెత్తురు నడిచే దారి పాడయిందని తెలుస్తుంది. ఏ దారి, ఎందువల్ల అన్నది తెలియదు. మరికొన్ని జబ్బుల్లోనూ ఇలాంటి ముక్కలు కనిపిస్తాయి.

సూది గుచ్చితే నెత్తురే

తర్వాత స్కానింగ్. మెలకువగా ఉన్న కోతిని బల్ల మీద పడుకోబెట్టడం ఎవరి తరమూ కాదు. తొడలో కెటమిన్ ఇంజెక్షన్ ఇచ్చి మత్తులోకి పంపుతారు. అప్పుడు గానీ పొట్ట మీద చేయి వేసి చూడటం కుదరదు. ఎడమ పక్క పక్కటెముకల కింద గట్టిగా ఏదో తగిలింది. మలేరియా ఎక్కువగా ఉన్న రోజుల్లో మన పల్లెల్లో ‘కడుపులో బల్ల పెరిగింది’ అనేవారే, ఆ బల్ల ఉండే చోటే ఇది. అంటే ప్లీహం.

అల్ట్రాసౌండ్‌లో ప్లీహం మీద ఒక గడ్డ కనిపిస్తుంది. లోపల నల్లటి గుంటలు, మధ్యమధ్య బూడిదరంగు గోడలు. చుట్టూ పొట్టలో కొంత ద్రవం. సన్నని సూదితో ఆ ద్రవం తీస్తే ఎర్రగా వస్తుంది. దాన్ని గొట్టంలో పోసి కాసేపు ఆగి చూస్తారు. గడ్డకడితే సూది పొరపాటున రక్తనాళంలోకో ప్లీహంలోకో దిగిందని అనుమానించాలి. గడ్డకట్టకుండా ఉండిపోతే అది ముందే పొట్టలోకి కారి, గడ్డకట్టించే సరుకంతా అక్కడే ఖర్చుపెట్టుకున్న నెత్తురు. చవకైన చిన్న పరీక్షే కానీ అదొక పెద్ద ప్రశ్నకు జవాబిస్తుంది.

గడ్డలోకే సూది గుచ్చి కణాలు తీయవచ్చు కదా అనిపిస్తుంది. తీస్తే వచ్చేది చాలాసార్లు నెత్తురే. క్యాన్సర్ కణాలు పలచటి గోడల్లో ఉంటాయి, గుంటల్లో కాదు. సూదికి గుంట దొరికినంత తేలిగ్గా గోడ దొరకదు. పలక మీద నెత్తురు తప్ప ఏమీ కనిపించలేదని క్యాన్సర్ లేదనుకోవడం ఈ జబ్బులో జరిగే పెద్ద పొరపాటు. పైగా గుచ్చిన చోటు నుంచే మళ్ళీ కారడం మొదలు కావచ్చు. ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న ముద్దలున్నాయేమో ఎక్స్‌రేలో చూస్తారు, గుండెను స్కానింగ్‌లో చూస్తారు. ఇవన్నీ అనుమానాన్ని పెంచుతాయి, పేరు మాత్రం పెట్టవు. పేరు పెట్టాలంటే గడ్డ ముక్క చేతికి రావాలి.

అంటే రెండే దారులు. ఆపరేషన్ చేసి ప్లీహం మొత్తం తీసేయడం ఒకటి. కోలుకునే ఆశ లేదని, బతికించడం బాధ పొడిగించడమేనని తేలితే, మత్తులోనే దాని ప్రాణం తీసి శవపరీక్ష చేయడం రెండోది. జబ్బు అప్పటికే కాలేయానికి పాకి ఉంటే వైద్యులు చాలావరకు రెండో దారే ఎంచుకుంటారు.

కత్తి, ఫార్మలిన్, మైనం

కోతి శవపరీక్ష చేసేవాళ్లు కళ్లద్దాలు, ముఖం కప్పే తొడుగు, రెండు జతల చేతితొడుగులు లేకుండా కత్తి పట్టరు. రీసస్ వంటి మకాక్ జాతుల కోతుల్లో చాలావాటికి హెర్పిస్ బి అనే వైరస్ ఉంటుంది. వాటికి అది నోటిపూత లాంటి చిన్న ఇబ్బంది, మనిషికి సోకితే మెదడును దెబ్బతీస్తుంది. 1932లో కోతి కరిచిన ఒక యువ పరిశోధకుడు చనిపోయాకే ఈ వైరస్ బయటపడింది. 1997లో అమెరికాలో కోతి నుంచి కంట్లో తుంపర పడిన ఒక యువ ఉద్యోగిని చనిపోయింది. కళ్లద్దాల నియమం గట్టిపడటం వెనుక ఆ మరణం ఉంది.

పొట్ట తెరిస్తే ప్లీహం మీద ముదురు ఎరుపు, నలుపు కలిసిన ముద్ద. కోస్తే లోపల స్పంజిలా గుంటలు, పాత నెత్తురు గడ్డలు. కాలేయం మీద నేరేడుపళ్ల గింజలంత ఎర్రటి మచ్చలు అక్కడక్కడా. అనుభవం ఉన్న కన్ను ఇక్కడే పేరు చెప్పేయాలని తొందరపడుతుంది. కానీ ప్లీహంలో దెబ్బ తగిలి నిలిచిన ఉత్త రక్తపు ముద్ద కూడా కంటికి ఇలాగే ఉంటుంది. హాని చేయని రక్తనాళాల గడ్డ హిమాంజియోమా కూడా ఇలాగే ఉంటుంది.

నమూనా ఎక్కడి నుంచి కోయాలన్నదే ఇక్కడ అసలు నేర్పు. గడ్డ నడిమధ్య నుంచి కోస్తే దొరికేది చచ్చిన కణజాలం, నిలవ నెత్తురు. క్యాన్సర్ సజీవంగా ఉండేది అంచున, మంచి కణజాలాన్ని తాకేచోట. అందుకే అంచుల నుంచి నాలుగైదు ముక్కలు, కాలేయం నుంచి, ఊపిరితిత్తుల నుంచి, గుండె కుడి కర్ణిక నుంచి, పైకి బాగానే కనిపించిన మిగతా అవయవాల నుంచి కూడా ముక్కలు కోస్తారు. ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ పోసి ఒకటి రెండు రోజులు నాననిస్తారు. తర్వాత నీరంతా లాగేసి మైనంలో పాతుతారు. ఆ మైనపు దిమ్మను మైక్రోటోమ్ అనే యంత్రం 4 లేదా 5 మైక్రాన్ల మందాన పొరలు పొరలుగా చెక్కుతుంది. మన తల వెంట్రుకను నిలువునా పదిహేను పొరలు చీలిస్తే ఒక్కో పొర ఎంత ఉంటుందో సుమారుగా అంత.

గులాబీ రంగులో చీలికలు

పొరను గాజు పలక మీద పరిచి హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు పడతారు. కణాల కేంద్రకాలు నీలం ఊదాగా, మిగతాది గులాబీగా మారుతుంది. పాథాలజిస్టు ముందుగా చూసేది పక్కనున్న మంచి రక్తనాళాన్ని. దాని గోడలో కేంద్రకాలు పలచగా, ఒకే వరుసలో, దూరదూరంగా ఉంటాయి. అది కొలబద్ద.

ఇప్పుడు గడ్డ అంచు. ఇక్కడ కేంద్రకాలు ఉబ్బి, గోడలోంచి లోపలికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పరిమాణంలో పోలిక ఉండదు. విభజన మధ్యలో దొరికిపోయిన కణాలు ఒకే చూపులో రెండు మూడు కనిపిస్తాయి. వాటి మధ్య సన్నని చీలికలు, ఆ చీలికల్లో ఎర్రకణాలు. నాళం కట్టాలని మొదలుపెట్టి మధ్యలో చెడిపోయిన పని అది.

అన్ని గడ్డలూ ఇంత తేటగా మాట్లాడవు. కొన్నిటిలో చీలికలే ఉండవు, కణాలు గట్టి ముద్దగా ఒత్తుకుని ఉంటాయి. అలాంటప్పుడు అది కండరపు సార్కోమా కావచ్చు, పేగు లోపలి పూతలో పుట్టి పాకిన కార్సినోమా కావచ్చు, రంగునిచ్చే కణాల్లో పుట్టినా రంగు లేని మెలనోమా కూడా కావచ్చు. కన్ను ఒక్కటే చాలదు.

గోధుమ రంగు సాక్ష్యం

అప్పుడు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే పద్ధతి వాడతారు. ఎండోథీలియం కణాల్లో ముఖ్యంగా కనిపించే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. ఒక ప్రోటీనును వెతికి పట్టుకునే యాంటీబాడీని పలక మీద పోసి, అది అతుక్కున్న చోట గోధుమ రంగు తేలేలా చేస్తారు. మన గడ్డకు ముఖ్యంగా అడిగే సాక్షులు ఇద్దరు: సీడీ31 అనే ప్రోటీను, ఫాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్. రెండోదాన్ని ఎండోథీలియం కణాలు తమ లోపల సన్నని పొడుగాటి సంచుల్లో దాచుకుంటాయి. 1964లో ఎవాల్డ్ వైబెల్, జార్జ్ పలాడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి వర్ణించిన సంచులే అవి.

రంగు తేలింది కదా, పని అయిపోయింది అనుకుంటే మోసపోతాం. ప్రతి సాక్షికీ ఒక బలహీనత ఉంది. సీడీ31 ఎండోథీలియంతో పాటు ప్లేట్‌లెట్ల మీదా, మాక్రోఫేజ్ అనే పారిశుధ్య కణాల మీదా ఉంటుంది. నెత్తురు నిలిచిన గడ్డలో ఈ రెండూ బోలెడు. ఫాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ నెత్తురులో కరిగి తిరుగుతుంటుంది కాబట్టి చుట్టుపక్కల అంతా గోధుమ రంగు మరక పరుస్తుంది. పైగా బాగా చెడిపోయిన క్యాన్సర్ కణాలు దాన్ని తయారుచేయడమే మానేయవచ్చు. అందుకే రంగు ఉందా అని అడిగితే సరిపోదు. ఏ కణంలో ఉంది, కణం పొర మీదా, లోపలా, బయటి మరకా అని చూడాలి. ఇద్దరు సాక్షులూ ఒకే కణం వైపు వేలు చూపాలి.

పక్కవాళ్లను కొట్టిపారేయడానికి వేరే యాంటీబాడీలు వేస్తారు. కండరానికి డెస్మిన్, కార్సినోమాకు సైటోకెరటిన్, మెలనోమాకు మెలన్-ఎ. ఇక్కడా ఒక గోతి ఉంది. ఒక రకం ఆంజియోసార్కోమా కణాలు సైటోకెరటిన్‌ను కూడా చూపిస్తాయి. అదొక్కటే చూసి కార్సినోమా అనేస్తే తప్పు.

ఇంకో చిక్కు ఏమిటంటే, అమ్మకానికి దొరికే యాంటీబాడీల్లో చాలావరకు మనిషి ప్రోటీన్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవే. కోతి మనకు దగ్గరి చుట్టం కాబట్టి చాలావరకు పనిచేస్తాయి. పనిచేశాయని రుజువు కావాలి కదా. ఆ రుజువు అదే పలక మీద ఉంటుంది: గడ్డ పక్కనే ఉన్న మంచి రక్తనాళం. దాని గోడ గోధుమ రంగులోకి మారితే యాంటీబాడీ కోతి కణజాలంలో పనిచేస్తోందని అర్థం. అది మారకపోతే గడ్డ గురించి ఏమన్నా చెల్లదు.

వేషం వేసుకొచ్చే వైరస్

కోతుల్లో మరో పోలిక కూడా దాటాలి. 1970లు, 80ల్లో అమెరికాలోని ఒక ప్రైమేట్ కేంద్రంలో మకాక్‌ల పొట్ట వెనుక భాగంలో రక్తనాళాలు, పోచల్లాంటి కణాలు కలగలిసిన ముద్దలు పెరిగాయి. వాటి రోగనిరోధక శక్తిని ఒక రెట్రోవైరస్ దెబ్బతీసింది. మనుషుల్లో ఎయిడ్స్ రోగులకు వచ్చే కపోసీ సార్కోమాకు ఇది దగ్గర. కపోసీకి కారణమైన హెర్పిస్ వైరస్‌ను 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ కనిపెట్టారు. ఆ తర్వాత దాని చుట్టమే కోతుల ముద్దల్లోనూ బయటపడింది.

ఈ తేడా పేరుతో ఆగదు. ముద్ద వెనుక వైరస్ ఉంటే పక్క బోనుల్లోని కోతులకూ ప్రమాదమే. రెట్రోవైరస్ పరీక్ష గదిలో అన్నిటికీ చేయాలి. వైరస్ లేని హిమాంజియోసార్కోమా అయితే అది ఆ ఒక్క కోతితోనే పోతుంది. మన ఉదాహరణలో వైరస్ లేదు, సీడీ31 కణం పొర మీద గట్టిగా తేలింది, ఫాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ కూడా అదే కణాల్లో ఉంది, కాలేయం మచ్చల్లోనూ అదే రూపం. ఇప్పుడు ఆ పేరు రాయవచ్చు.

ఎందుకొచ్చింది?

పెంపుడు కుక్కకైతే కథ ఇక్కడ ముగుస్తుంది. పరిశోధనశాల కోతికి ఇక్కడే రెండో ప్రశ్న మొదలవుతుంది. ఇది వయసుతో తనంత తాను వచ్చిందా, మనం దానికి చేసినదేదైనా తెచ్చిందా?

ఈ క్యాన్సర్ విషయంలో ఆ ప్రశ్నకు పాత చరిత్ర ఉంది. 1930ల నుంచి 50ల దాకా ఎక్స్‌రేలో రక్తనాళాలు తేటగా కనిపించాలని థోరోట్రాస్ట్ అనే మందు ఎక్కించేవారు. అందులో ఉన్నది రేడియోధార్మిక థోరియం. అది ఒంట్లోంచి బయటికి పోదు, కాలేయంలో, ప్లీహంలో స్థిరపడుతుంది. దశాబ్దాల తర్వాత ఆ రోగుల్లో కొందరికి కాలేయ ఆంజియోసార్కోమా వచ్చింది.

ఇంకా బాగా తెలిసింది వినైల్ క్లోరైడ్ సంగతి. మన ఇళ్లలో వేసుకునే పీవీసీ పైపులకు ముడిసరుకైన వాయువు అది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో పీవీసీ తయారుచేసే బి.ఎఫ్. గుడ్‌రిచ్ కర్మాగారంలో కొందరు కార్మికులు కాలేయ ఆంజియోసార్కోమాతో చనిపోయారు. ముగ్గురి మరణాలకు చేసే పనితో సంబంధం ఉండవచ్చని 1974 జనవరిలో కంపెనీ ప్రభుత్వానికి తెలిపింది. ఆ కర్మాగారం వైద్యుడు జాన్ క్రీచ్ గమనించకపోయి ఉంటే ఇంకా ఎన్నాళ్లు పట్టేదో. ముగ్గురు అంటే గణాంకాల లెక్కలో ఎంత? మరే మామూలు క్యాన్సర్ అయినా ముగ్గురిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈ జబ్బు అంత అరుదు కాబట్టే ఒకే గేటులోంచి లోపలికి వెళ్లే ముగ్గురికి రావడం ఘంటానాదంలా వినిపించింది. అప్పటివరకు 500 పీపీఎం (పది లక్షల పాళ్లలో 500 పాళ్లు) దాకా అనుమతించిన గాలిలోని వినైల్ క్లోరైడ్ హద్దును అమెరికా 1 పీపీఎంకు దించింది.

మందుల పరీక్షల్లోనూ ఈ పేరు అందుకే ఉలిక్కిపడేలా చేస్తుంది. నరాల నొప్పికి మన డాక్టర్లు కూడా రాసే ప్రీగాబాలిన్‌ను దీర్ఘకాల పరీక్షల్లో ఇచ్చినప్పుడు చిట్టెలుకల్లో హిమాంజియోసార్కోమాలు ఊహించినదానికంటే ఎక్కువ వచ్చాయి, ఎలుకల్లో రాలేదు. చిట్టెలుకలకు ఈ క్యాన్సర్ ఎలాగూ తేలిగ్గా వస్తుంది. అన్నీ తూచి మందుకు అనుమతి ఇచ్చారు, ఆ సంగతిని మందు వివరాల పత్రంలో అచ్చేశారు. ఇది చదివి ఎవరూ డాక్టరును అడగకుండా మందు మానేయనక్కర్లేదు. కానీ కొత్త మందు తీసుకున్న కోతిలో ఇదే పేరు కనిపిస్తే ఎంత జాగ్రత్తగా మాట్లాడాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

కోతులతో చేసే పరీక్షల్లో గుంపులు చిన్నవి. 2020లో హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌ను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో 20 రీసస్ కోతుల మీద పరీక్షించారు. ఐదేసి చొప్పున నాలుగు గుంపులు. ఏ పరీక్షలోనైనా ఐదింటి గుంపులో ఒకటి జబ్బు పడితే ఆ గుంపు ఫలితంలో ఐదో వంతు కదిలిపోయినట్టు. దానికి వచ్చింది ముసలితనపు క్యాన్సరా, మందు తెచ్చిన హానా అన్నది తేలకుండా మిగతా నాలుగింటి లెక్కను కూడా నమ్మలేం.

అందుకే పాథాలజిస్టు మైక్రోస్కోప్ పక్కన పెట్టి పాత కాగితాలు తెప్పించుకుంటుంది. ఈ కోతి ఎక్కడ పుట్టింది, ఏయే పరీక్షల్లో పాల్గొంది, రేడియేషన్ తగిలిందా, ఏ రసాయనాలు ఇచ్చారు, దాని తల్లికి ఏ జబ్బుంది? అమెరికాకు పెద్ద ఎత్తున రీసస్‌లను పంపిన భారత్ 1978లో ఆ ఎగుమతి ఆపేసింది. ఆ తర్వాత అక్కడ సొంతంగా పెంచుకునే మందల మీద ఆధారపడటం మరింత పెరిగింది. అలా పుట్టిన కోతులకు పుట్టిన రోజు నుంచి రికార్డు ఉంటుంది, చాలావాటికి ముసలితనం దాకా బతికే వీలూ ఉంటుంది. అడవి నుంచి పట్టి తెచ్చిన కోతి విషయంలో ఈ ప్రశ్నల్లో సగానికి జవాబే ఉండదు.

చివరి కాగితం

1959లో విలియం రసెల్, రెక్స్ బర్చ్ అనే ఇద్దరు ఆంగ్లేయులు జంతువులతో చేసే ప్రయోగాలకు మూడు సూత్రాలు చెప్పారు. వీలైతే జంతువుకు బదులు మరో దారి వెతకండి, తప్పకపోతే సంఖ్య తగ్గించండి, వాడే జంతువుకు బాధ తగ్గించండి. రోగనిర్ణయం ఈ మూడింటికీ పనికొస్తుంది. చావుకు కారణం సరిగ్గా తేలితే అదే పరీక్షను మరో గుంపు కోతులతో తిరిగి చేయాల్సిన పని తప్పవచ్చు. తొలి ఆనవాళ్లు ఏమిటో రాసి ఉంటే తర్వాతి కోతిని ఇంకాస్త ముందే, బాధ ముదరకముందే గుర్తించవచ్చు.

మన కోతి నివేదికలో చివరికి రాసేది రెండు వరుసలే. ప్లీహం హిమాంజియోసార్కోమా, కాలేయానికి పాకింది. వయసుతో వచ్చినదిగా భావిస్తున్నాం, ప్రయోగంతో సంబంధం కనిపించలేదు. ఒక్క కేసుతో అంతకంటే గట్టిగా చెప్పడానికి లేదని రాసినవాళ్లకు తెలుసు. అందుకే మైనపు దిమ్మలను పారేయరు. వాటి మీద అంకె వేసి, గట్టి డబ్బాలో సర్ది, అల్మరాలో పెడతారు. ఏళ్ల తరబడి అవి అలాగే ఉంటాయి.

ఎప్పుడో అదే గదిలో మరో కోతి మూలకు ఒదిగి కూర్చుంటుంది. ఉద్యోగి మారి ఉండొచ్చు, పుస్తకం మారి ఉండొచ్చు, మళ్ళీ ఎవరో ‘సగమే తింది’ అని రాస్తారు. ఆ కోతిలోనూ ఇదే పేరు తేలితే, అప్పుడు లెక్క ఒకటి కాదు, రెండు. లూయీవిల్‌లో ముగ్గురిని పక్కపక్కన పెట్టి చూసినట్టు, ఆ రోజున అల్మరా తెరిచి మొదటి దిమ్మను బయటికి తీస్తారు.